తిట్టబడింది

నాకు పదకొండేళ్ళు.
చెంగలరావుపేట రేకుల ఇంట్లో
ఆ కాయితం మొదటిసారి చూశాను.
మా నాన్న గరికిన పోలారావు, పోర్టులో వించ్ డ్రైవరు,
జేబులోంచి తీసి, మడత విప్పకుండానే
నా లెక్కల పుస్తకం మీద పెట్టాడు.
"సదువే గుంటా, ఏటన్నారో."

అప్పటికి నా ఇంగ్లీషంతా
ఆవు మీద ఐదు వాక్యాలు, సెలవు చీటీ ఒకటి.
ఇందులో ఆవు లేదు.
నెగ్లిజెన్స్ ఉంది. ల్యాప్స్ ఉంది.
సీరియస్‌గా వ్యూ చేయబడినది అని ఉంది.
కింద సంతకం, పిల్లి గీకినట్టు.

పక్కవీధి గుమాస్తా గారి డిక్షనరీ అడిగి తెచ్చి
వేలు పెట్టి వెతికాను.
అజాగ్రత్త. పొరపాటు.
"ఇంతేనా? తిట్టు కాదా?"
"తిట్టే నాన్నా."
"మరెవుడు తిట్టాడు?"
మళ్ళీ చదివాను, మొదట్నుంచీ చివరిదాకా.
వాక్యంలో మనిషి లేడు.
"ఎవరూ తిట్టలేదు నాన్నా. తిట్టబడింది."

ఆయన కాయితం వెనక్కి తిప్పి
చాలాసేపు చూశాడు,
అక్కడ దాక్కున్నాడేమోనని.

మా అమ్మ తిట్టు అలా కాదు.
ఫిషింగ్ హార్బర్లో తెల్లారగట్ల పాట మధ్యలో
తన కోనాం బుట్ట పక్కకి జరిపినవాణ్ణి
నిలబెట్టి తిట్టేది,
పేరు పెట్టి, వాళ్ళయ్య పేరు పెట్టి,
"నీ జిమ్మడ, నీ సేతులిరగ, నీ పడవకి సిల్లు పడ!"
పదింటికి ఆడికే టీ ఇప్పించేది.
ఆ తిట్టుకి నోరుండేది,
నోటికి అడ్డచుట్ట వాసనుండేది.
తిరిగి తిట్టాలంటే ఎదురుగా ఒక మొహం ఉండేది.

నాన్న ఎవర్ని తిరిగి తిట్టాలి?
మూడు రోజులు మాటాడలేదు.
తీగ మీద ఆరేసిన ఆయన చొక్కా మీద
ఇనపరాయి దుమ్ము ఎర్రగా వాలింది.
అదీ అంతే.
ఎవరు పోశారో తెలీదు. పోయబడింది.

ఇప్పుడు అదే పోర్టు ఆఫీసు మూడో అంతస్తులో
ఆ కాయితాలు నేనే తయారు చేస్తాను.
చెయ్యి తిరిగింది కూడా.
అడ్మానిష్ అంటే గొంతు సవరించుకోవడం.
సెన్సూర్, సర్వీసు పుస్తకంలో ఆరని ఇంకు మరక.
రిగ్రెట్టబుల్ అంటే, పాపం,
తిట్టేవాడికే బాధగా ఉందట.
డిస్‌ప్లెజర్ అంటే నాకు ముద్దు:
చెరుకురసం గ్లాసులో ఈగని చూసిన దొరసాని మొహం.
అన్‌బికమింగ్‌కి మాత్రం తెలుగు దొరక్క
ఓ ఆదివారం అమ్మనడిగాను.
చుట్ట తిప్పి పెట్టుకుంటూ "ఎదవ్వేషం" అంది.
అతికినట్టు సరిపోయింది.
ఫైల్లో రాయలేను.

నిన్న చోడిపల్లి ఎల్లాజీ ఫైలు వచ్చింది.
రాత్రి డ్యూటీలో, క్రేన్ కేబిన్లో,
కునుకు.
బొగ్గు బకెట్టు ఊగి, ఒక మనిషికి జానెడు దూరంలో ఆగింది.
టైపు చేశాను. వ్యూ చేయబడినది దాకా వచ్చి
వేళ్ళు ఆగలేదు. అదే ఆశ్చర్యం.
అంత అలవాటు.

తపాలా బంట్రోతు సెలవు.
నేనే బెర్తు దాకా తీసుకెళ్ళాను.
చెవుల్లో, కనురెప్పల మీద బొగ్గు అతనికి.
మడత విప్పకుండానే అడిగాడు,
"ఏటన్నారు మేడమ్?"

ఛానెల్లోకి వస్తున్న ఓడ ఒకటి హారన్ కొట్టింది.
డాల్ఫిన్ నోస్ కొండ ఎప్పట్లాగే అటు తిరిగి పడుకుని ఉంది.

"అన్నారు కాదు. నానన్నాను.
నీ జిమ్మడ, కిందున్నోడికి పిల్లల్లేరేట్రా?
ఇంట్లో పడుకోలేకపోయావా?"

నా గొంతు నాకే కొత్తగా ఉంది,
చేపల పాటకి సరిపోయేంత.
ఎల్లాజీ తల గోక్కున్నాడు.
"పాపకి జొరమండి, రెండ్రాత్రులు..." అని ఆగి,
"తప్పేనమ్మా," అన్నాడు
నా మొహం కేసి చూసి.

కాయితం మాత్రం వెనక్కి తీసుకోలేదు నేను.
తీసుకునే అధికారం నాకు లేదు.

సాయంత్రం ఆఫీసు కాపీ ఫైల్లో గుచ్చుతూ
కింద సంతకం చూసుకున్నాను.
పిల్లి గీకినట్టే ఉంది.